‘సైకో’ చిత్రంలోని గుట్టమీది ఇంటికి సూక్ష్మ నమూనా: రెండు గోడలు కట్టాలా, నాలుగు గోడలు కట్టాలా?

కొలువు_బొమ్మ (విజయనగరం):
సభ్యులందరికీ నమస్కారం. సంక్రాంతికి బొమ్మల కొలువు తీర్చే ఆనవాయితీ మా ఇంట్లో నాయనమ్మ కాలం నుంచి ఉంది. కొలువు కింది మెట్టు మీద ఏటా ఒక చిన్న ఊరు కట్టి పెట్టడం నా వంతు. అట్టతో కోట బురుజులు చేశాను, గంటస్తంభం చేశాను, ఒక సంవత్సరం మండువా లోగిలి కూడా చేశాను. ఈసారి కొలువుతో సంబంధం లేని పని ఒకటి తలపెట్టాను. ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ 1960లో తీసిన ‘సైకో’ చిత్రంలో, రోడ్డు పక్కని మోటెలు వెనుక గుట్ట మీద ఒంటరిగా నిలబడే ఆ పాత ఇంటిని చేతితో, లేజరు కోతలు లేకుండా, నా గదిలోని బల్ల మీద కట్టాలని నా కోరిక.

చిత్రాన్ని ఆపి ఆపి చూస్తూ నలభైకి పైగా దృశ్యాలను కాగితం మీద గీసుకున్నాను. గీస్తున్న కొద్దీ సందేహాలు పెరిగాయి. ఇంటి వెనుక భాగం ఏ దృశ్యంలోనూ నాకు కనిపించలేదు, కనుక దానిని ఎలా కట్టాలో తెలియడం లేదు. చిత్రం తెలుపు నలుపులో ఉంది కనుక గోడలకు ఏ రంగు వేయాలో తెలియడం లేదు. స్కేలు విషయంలోనూ ఒక నిర్ణయానికి రాలేకపోతున్నాను. అనుభవం ఉన్నవారు దారి చూపించగలరు. చిత్రం ఇంకా చూడనివారు ఈ వేదికలో ఉండవచ్చు కనుక, కథలోని రహస్యాన్ని ఎవరూ ఇక్కడ రాయవద్దని మనవి.

రీలు_పెట్టె (విజయనగరం):
మీకు వెనుక భాగం కనిపించకపోవడానికి కారణం అది అసలు లేకపోవడమే. యూనివర్సల్ స్టూడియో ఆవరణలో ఈ చిత్రం కోసం కట్టినది ఇల్లు కాదు, రెండు వైపుల ముఖభాగం మాత్రమే. కెమెరా ఎటు నుంచి చూస్తుందో ఆ వైపులకే గోడలు నిలిపి, వెనుక కర్రల ఆధారం ఇచ్చారు. గదులు, మెట్లు, నేలమాళిగ కనిపించే దృశ్యాలన్నీ స్టూడియో లోపల వేసిన వేరే సెట్లలో తీసినవి. హిచ్‌కాక్ ఈ చిత్రాన్ని తన టెలివిజన్ బృందంలోని వారితో, దాదాపు 8 లక్షల డాలర్ల ఖర్చుతో ముగించారు. అంత తక్కువ పెట్టుబడిలో కనిపించని గోడకు డబ్బు పెట్టే ఆలోచనే రాదు.

అక్కడ నేటికీ పర్యాటకులకు చూపిస్తున్న ఇంటి ఫొటోలు ఇంటర్నెట్‌లో వందల కొద్దీ దొరుకుతాయి. వాటిని నమ్మి కొలతలు తీసుకోవద్దు. ఆ కట్టడాన్ని తరువాతి కాలంలో వేరే చోటికి మార్చారు, మరమ్మతులు చేశారు, గోడలు చేర్చారు. మీరు 1960 నాటి ఇల్లు కట్టదలచుకుంటే చిత్రంలోని దృశ్యాలే మీకు ప్రమాణం.

ఇంకొక ఆధారం కూడా ఉంది. అమెరికన్ చిత్రకారుడు ఎడ్వర్డ్ హాపర్ 1925లో రైలు పట్టాల పక్కన ఒంటరిగా నిలిచిన ఒక ఎత్తైన ఇంటిని చిత్రించాడు. హిచ్‌కాక్ ఇంటికి ప్రేరణగా అందరూ చెప్పుకొనేది ఆ చిత్రాన్నే. ఇప్పుడది న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియంలో ఉంది. అందులో రైలు కట్ట ఇంటి పాదాన్ని కప్పివేస్తుంది. చుట్టూ ఒక్క చెట్టు లేదు, ఒక్క మనిషి లేడు. మీ నమూనాలో నేలను ఎలా ఉంచాలో ఆ చిత్రం మీకు నేర్పుతుంది. అది చూసే వరకు కత్తి పట్టుకోవద్దని నా సలహా.

మేస్త్రి_లెక్క (రాజాం):
అమ్మా, స్కేలు సంగతి నేను చెబుతాను. నేను ముప్పై ఏళ్లు ఇళ్ల ప్లాన్లు గీసినవాణ్ణి. బొమ్మరిళ్ల ప్రపంచంలో వాడుకలో ఉన్న ప్రమాణం 1:12, అంటే ఒక అడుగుకు ఒక అంగుళం. విండ్సర్ కోటలో 1924లో పూర్తయిన మేరీ రాణి బొమ్మరిల్లు కూడా ఈ నిష్పత్తిలోనే ఉంది. అయితే మీ ఇల్లు ఎత్తైనది. బురుజు కొస వరకు నలభై అడుగులనుకుంటే 1:12లో నలభై అంగుళాలు వస్తుంది, దాని కింద గుట్ట ఒకటి ఉంది కనుక బల్ల మీద పట్టదు. 1:48లో పది అంగుళాలకు కుదించుకుపోతుంది. అప్పుడు మెట్టు ఎత్తు నాలుగు మిల్లీమీటర్లు కూడా ఉండదు కాబట్టి చేతిపని కనిపించదు. 1:24 తీసుకోండి. ఇల్లు ఇరవై అంగుళాలు, ఏడడుగుల తలుపు మూడున్నర అంగుళాలు వస్తాయి.

కొలతలు తీసేటప్పుడు ఒక పొరపాటు జరగడానికి చాలా అవకాశం ఉంది. తెర మీద తలుపును కొలిచి, దానితో బురుజును భాగిస్తే సరిపోతుందని అనుకుంటాం. ఆ ఇంటిని దాదాపు ప్రతిసారీ కింది నుంచి పైకి చూపించారు. కెమెరాకు తలుపు దగ్గర, బురుజు కొస దూరం. అందువల్ల పై భాగం తెర మీద ఉన్నదానికంటే పొట్టిగా కనిపిస్తుంది. ఆ లెక్కతో కడితే బరువుగా, కూర్చున్నట్లుగా ఉండే ఇల్లు వస్తుంది. దానికి బదులు గోడ మీద ఒకదానిపై ఒకటి ఎక్కే చెక్క పలకల వరుసలను లెక్కపెట్టండి. వరుసలన్నీ ఒకే వెడల్పుగా ఉంటాయి కనుక, గడప నుంచి చూరు వరకు ఎన్ని వరుసలున్నాయో తెలిస్తే దూరం వల్ల వచ్చే మోసం ఉండదు. పాత పెంకుటిళ్లకు కొలతలు తీయవలసి వచ్చినప్పుడు మేము ఇటుక వరుసలు లెక్కపెట్టేవాళ్లం.

నాగావళి_తీరం (శ్రీకాకుళం):
రీలు_పెట్టె గారి మాటతో నేను ఏకీభవించలేకపోతున్నాను. సెట్టుకు రెండు గోడలే ఉన్నాయన్నది నిజమే కావచ్చు, కానీ కథలోని ఇంటికి నాలుగు గోడలు ఉన్నాయి. మనల్ని భయపెట్టినది కథలోని ఇల్లు. స్టూడియో వడ్రంగులు నిలబెట్టిన చట్రాన్ని చూసి ఎవరూ భయపడలేదు. పైగా బల్ల మీద పెట్టిన నమూనా చుట్టూ పిల్లలు, చుట్టాలు తిరుగుతారు. వెనుక నుంచి చూసినవారికి ఖాళీ అట్టలు కనిపిస్తే ముందున్న కష్టమంతా వృథా అవుతుంది.

ఇంకొక కారణం మన వాతావరణం. మూడు గోడల పెట్టె కంటే నాలుగు గోడల పెట్టె వంకర తిరగకుండా నిలబడుతుంది. మా ఊరు సముద్రానికి దగ్గర. నేను వేసవిలో ఎం.డి.ఎఫ్. పలకలతో, అంటే చెక్క పీచును జిగురుతో అదిమి చేసిన పలకలతో, కట్టిన ఒక పాత రైల్వే స్టేషను నమూనా ఆగస్టు వచ్చేసరికి అంచుల దగ్గర బిస్కెట్టులా ఉబ్బింది. ఆ పలకకు కోసిన అంచులే ప్రాణాంతకం, తేమ అక్కడి నుంచే లోపలికి వెళుతుంది. ఏ పలక వాడినా కోసిన అంచులకు పల్చటి ఫెవికాల్ నీళ్లు రెండు పూతలు వేసి, ఆరాక ఉప్పుకాగితంతో రుద్ది, అప్పుడే అతికించండి. సన్‌బోర్డు అయితే ప్లాస్టిక్ కనుక తేమకు ఉబ్బదు, గోడల లోపలి పొరకు అదే మేలు.

కొలువు_బొమ్మ (విజయనగరం):
అందరికీ కృతజ్ఞతలు. 1:24 నిర్ణయించుకున్నాను. మేస్త్రిగారు చెప్పినట్లు వరుసలు లెక్కపెట్టి మళ్లీ గీస్తే బురుజు నా పాత కొలత కంటే పొడవు పెరిగింది. ఇప్పుడు నా కాగితం మీది ఇల్లు తెర మీది ఇంటిలాగే మీద పడబోతున్నట్లుగా ఉంది. లోపలి గోడలు సన్‌బోర్డుతో, పైన అతికించే పలకలు ఐస్‌క్రీము పుల్లలతో చేస్తున్నాను. పుల్లల గుండ్రటి కొసలు కోసివేసి, ప్రతి వరుస కింది వరుస మీదకు కొద్దిగా ఎక్కేలా అతికించాను. మొదటి గోడకే నాలుగు సాయంత్రాలు పట్టింది.

బురుజు పైకప్పు దగ్గర మాత్రం ఆగిపోయాను. ఆ పైకప్పు మన ఇళ్ల కప్పులా వాలుగా ఉండదు, దాదాపు గోడలా నిటారుగా లేచి కొద్దిగా లోపలికి వంగుతుంది. ముందు నుంచి చూసిన బొమ్మ ప్రకారం ఎత్తు 96 మిల్లీమీటర్లు, ప్రతి వైపూ లోపలికి తగ్గేది 28 మిల్లీమీటర్లు. 96 మిల్లీమీటర్ల ఎత్తుతో నాలుగు ముక్కలు కోసి నిలబెడితే, కప్పు నాలుగు మిల్లీమీటర్లు పొట్టిగా వచ్చింది, మూలలు కలవలేదు. రెండుసార్లు కోసినా ఇదే ఫలితం.

మేస్త్రి_లెక్క (రాజాం):
అమ్మా, మీ కోతలో తప్పు లేదు, కొలతలో ఉంది. ముందు నుంచి గీసిన బొమ్మలో కనిపించేది నిట్టనిలువు ఎత్తు. మీరు కోసే ముక్క వాలి నిలబడుతుంది కనుక దాని పొడవు అంతకంటే ఎక్కువ ఉండాలి. 96ను, 28ని లంబకోణ త్రిభుజపు రెండు భుజాలుగా తీసుకోండి. 96 వర్గం 9216, 28 వర్గం 784, కలిపితే సరిగ్గా 10,000, దాని వర్గమూలం 100. మీ ముక్క మధ్య ఎత్తు 100 మిల్లీమీటర్లు ఉండాలి. మూల అంచు ఇంకా కొంచెం పొడవు, ఎందుకంటే అది రెండు వైపులకూ వాలుతుంది. 10,000కు మరొక 784 కలిపి వర్గమూలం తీస్తే సుమారు 104 వస్తుంది. ముందు పాత క్యాలెండరు అట్టతో ఒకటి కోసి నిలబెట్టి చూడండి.

ఈ రకం కప్పుకు పదిహేడవ శతాబ్దపు ఫ్రెంచి వాస్తుశిల్పి ఫ్రాంస్వా మాన్సార్ పేరు స్థిరపడింది. మూడవ నెపోలియన్ ఏలుబడిలో, అంటే 1852 నుంచి 1870 వరకు, పారిస్‌లో ఇది మళ్లీ వెలిగి, అక్కడి నుంచి అమెరికాకు చేరింది. కప్పు నిటారుగా ఉండడం వల్ల అటక కూడా నిలబడి తిరగగల గదిగా మారుతుంది. ఆ ఇంటి పైభాగంలో ఎవరో ఉన్నారేమోనని చూసేవారికి అనిపించడంలో ఈ కప్పు పాత్ర చాలా ఉందని నా నమ్మకం. పెంకుటింట్లో చూరు పైన ఎవరూ ఉండరని మనకు తెలుసు. ఇక్కడ ఆ ధైర్యం లేదు.

కప్పు మీది చిన్న పలకలకు 220 నంబరు ఉప్పుకాగితాన్ని ఆరు మిల్లీమీటర్లు కనిపించే వరుసలుగా కోయండి. వంద మిల్లీమీటర్లకు పదహారు, పదిహేడు వరుసలు పడతాయి. పెంకులు నేసే మేస్త్రి చూరు నుంచి మొదలుపెట్టి కొప్పుకు వెళ్లినట్లే మీరూ కింది నుంచి పైకి వెళ్లాలి, పై వరుస అతుకులు కింది వరుస అతుకుల మీద పడకూడదు.

రీలు_పెట్టె (విజయనగరం):
నాగావళి గారి అభ్యంతరానికి నేను సమాధానం చెప్పవలసి ఉంది. 2016లో బ్రిటిష్ కళాకారిణి కార్నీలియా పార్కర్ న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియం మేడ మీద ఇదే ఇంటిని దాదాపు ముప్పై అడుగుల ఎత్తున కట్టారు. ఒక పాత ఎర్రటి ధాన్యపు కొట్టాన్ని విప్పి, ఆ చెక్కలతోనే కట్టారు. ఆమె కూడా రెండు వైపులే కట్టారు. వెనుకకు వెళ్లినవారికి ఇనుప గొట్టాల ఆధారం, బరువు కోసం పెట్టిన నీళ్ల ట్యాంకులు దాపరికం లేకుండా కనిపించేవి. ముందు నిలబడి భయపడిన మనిషి వెనుకకు వెళ్లి చట్రాన్ని చూసి, మళ్లీ ముందుకు వచ్చి నిలబడినా అదే భయం కలుగుతుంది. భయం గోడల్లో లేదు, గోడలను నిలబెట్టిన కోణంలో ఉంది. కొలువు_బొమ్మ గారు వెనుక భాగాన్ని తన ఊహతో నింపితే ఆ ఒక్క వైపు హిచ్‌కాక్ ఇల్లు కాకుండా పోతుంది.

రంగు విషయంలోనూ నా అభిప్రాయం ఇదే. ఆ రోజు గోడకు వేసిన రంగు ఏదైనా, ప్రేక్షకుడు చూసినది బూడిద రంగులను. సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ ఆ చిత్రానికి తీగవాద్యాలు తప్ప మరే వాద్యమూ వాడలేదు. తెలుపు నలుపు బొమ్మకు తెలుపు నలుపు ధ్వని కావాలని ఆయన కోరుకున్నారు. సంగీతమే రంగులను వదులుకున్న చిత్రానికి నమూనా కట్టేవారు గోడకు గోధుమ రంగు, కిటికీకి ఆకుపచ్చ రంగు వేస్తే మనసుకు కష్టంగా ఉంటుంది. ఇల్లు, గుట్ట, మెట్లు, గడ్డి అన్నీ బూడిద రంగుల్లోనే ఉంచండి.

దానికి ఒక మెలకువ చెబుతాను. నలుపు, తెలుపు మాత్రమే కలిపితే వచ్చే బూడిద రంగు ట్యూబులైటు కింద నీలంగా తోస్తుంది, అందువల్ల చిటికెడు ముదురు గోధుమ రంగు కలపండి. గోడకు, కప్పుకు, నీడకు మధ్య తేడా సరిపోయిందా లేదా అన్నది ఫోన్ కెమెరాను తెలుపు నలుపులో పెట్టి, చిత్రంలోని దృశ్యం పక్కన ఉంచి సరిచూసుకోండి.

సన్నదారం (పొందూరు):
కిటికీ తెరల గురించి ఎవరూ మాట్లాడలేదు కనుక రాస్తున్నాను. ఆ ఇంట్లో అందరి చూపూ నిలిచేది మేడ మీది కిటికీ దగ్గరే, అక్కడ వేలాడే బట్ట సరిగ్గా లేకపోతే మిగతా పనితనం నిలవదు. నూలు సన్నదనాన్ని కౌంటుతో కొలుస్తాం, అంకె పెరిగే కొద్దీ దారం సన్నబడుతుంది. 20 కౌంటు నూలు దారం మందం సుమారు 0.2 మిల్లీమీటర్లు. 1:24 ఇంటిలో అది అయిదు మిల్లీమీటర్ల తాడుతో నేసిన గోనెపట్టాలా కనిపిస్తుంది. మా ఊరి సన్న ఖాదీలో 100 కౌంటు నూలు ఉంటుంది, అంటే ఒక పౌను నూలులో 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) వంద. ఆ దారం మందం 0.1 మిల్లీమీటరు కూడా ఉండదు. వాలుగ చేప దవడ ఎముక పళ్లతో పత్తిని దువ్వి, పొట్టి పోగులు తీసివేసిన తరువాత వడికితేనే చేతితో అంత సన్నం వస్తుంది. పాత ధోవతి అంచు పక్కన మిగిలిన చేతిరుమాలంత ముక్క మీకు చాలు.

సన్నబట్ట అయినంత మాత్రాన అది మడతలుగా వేలాడదు. నిజమైన తెర తన బరువుతో కిందికి జారుతుంది. రెండంగుళాల బట్టకు ఆ బరువు ఉండదు, కాగితంలా బిగుసుకుని నిలబడుతుంది. పల్చటి గంజిలో ముంచి, థర్మోకోల్ పలక మీద పరచి, మడతకొక గుండుసూది గుచ్చి ఒక రాత్రి ఆరనివ్వండి. రంగు కోసం గంజిలోనే కొద్దిగా టీ డికాక్షన్ కలిపితే కొత్తబట్ట తెలుపు పోతుంది, అయితే మీరు బూడిద రంగులకే కట్టుబడితే డికాక్షన్ బదులు ఒక చుక్క నల్ల సిరా చాలు.

పనసవీణ (బొబ్బిలి):
వసారా స్తంభాల గురించి నాకు తెలిసినది చెబుతాను. మాది గొల్లపల్లి దగ్గర. వీణలు చెక్కే ఇళ్ల మధ్య పెరిగాను. బహుమతులుగా ఇచ్చే చిన్న వీణలు కూడా ఇక్కడ చేస్తారు కనుక, పెద్ద వస్తువును చిన్నది చేసేటప్పుడు చెక్క ఎక్కడ ఎదురు తిరుగుతుందో కళ్లారా చూశాను. వీణకు పనస చెక్క శ్రేష్ఠం. మీ పనికి దాని చార పెద్దది, పెన్సిలు కంటే సన్నని స్తంభం మీద ఒక్క చార పడితే పగులులా కనిపిస్తుంది. ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు కర్ర మీకు సరిపోతుంది. మెత్తగా ఉంటుంది, చార కనిపించదు, లేత్ మీద సన్నటి గాట్లను నిలుపుకుంటుంది. ఎనిమిది అడుగుల స్తంభం మీ స్కేలులో నాలుగు అంగుళాల పొడవు, ఆరు మిల్లీమీటర్ల మందం. అంత సన్నని కర్ర తిరిగేటప్పుడు మధ్యలో వణుకుతుంది కనుక, రెండు కొసలూ చదరంగా ఉంచి, మధ్యలో మాత్రమే గుండ్రంగా చెక్కమని చెప్పండి. కావలసినవాటికి రెండు ఎక్కువ చేయించుకోండి. లక్క పూత వద్దని ముందే చెప్పాలి, ఆ మెరుపు మీద మీ బూడిద రంగు నిలవదు.

కర్ర ఏదైనా పచ్చిది కొనవద్దు. పచ్చికర్ర ఆరే కొద్దీ కుదించుకుంటుంది. వీణ విషయంలో అది శ్రుతిని చెడగొడుతుంది, మీ విషయంలో వసారా కప్పును ఒక పక్కకు లాగుతుంది.

నాగావళి_తీరం (శ్రీకాకుళం):
రెండు గోడల విషయంలో పార్కర్ గారి కట్టడం గురించి చదివిన తరువాత నా పట్టు సడలింది. ఖాళీని దాచిపెట్టడానికి చేసే ప్రయత్నం అక్కర్లేదని ఒప్పుకుంటున్నాను. వెనుక చట్రాన్ని కూడా ముందుభాగమంత శ్రద్ధగా, సరైన స్కేలులో, కర్రకు కర్ర కట్టి చూపించండి. అప్పుడు వెనుకకు వచ్చినవారికి చూడడానికి ఒక వస్తువు ఉంటుంది.

దీపం నా రంగం కనుక వివరంగా రాస్తాను. ఒక్క కిటికీకే వెలుగు ఇవ్వండి. ఇంటి నిండా దీపాలు పెడితే అది పెళ్లి ఇల్లవుతుంది. 3 మిల్లీమీటర్ల తెల్ల ఎల్.ఇ.డి.కి సుమారు 3 వోల్టులు కావాలి. 9 వోల్టుల బ్యాటరీ పెడితే మిగిలే 6 వోల్టులను రెసిస్టరు, అంటే కరెంటును అదుపు చేసే చిన్న భాగం, మోయాలి. పూర్తి వెలుగుకు, అంటే 20 మిల్లీ ఆంపియర్లకు, 300 ఓములు లెక్కకు వస్తుంది, బజారులో దొరికేది 330. మీకు అంత వెలుగు వద్దు. 1 కిలో ఓము పెట్టండి, 6 మిల్లీ ఆంపియర్లు మాత్రమే ప్రవహించి దీపం మసకగా, నిలకడగా వెలుగుతుంది. పసుపు ఛాయ ఉన్న ఎల్.ఇ.డి. మాత్రం కొనవద్దు. బూడిద ఇంటిలో ఆ పసుపు ఒక్కటే రంగుగా నిలిచి, రీలు_పెట్టె గారు చెప్పినదంతా చెడిపోతుంది.

దీపాన్ని కిటికీకి ఆనించకుండా రెండు అంగుళాలు వెనుకకు జరిపి, మధ్యలో ట్రేసింగ్ కాగితం పెట్టండి, అప్పుడే వెలుగు కిటికీ అంతా సమంగా పరుచుకుంటుంది. సన్‌బోర్డు తెల్లగా, పల్చగా ఉంటుంది కనుక గోడలోంచే వెలుగు బయటికి కనిపించే ప్రమాదం ఉంది. అతికించడానికి ముందే లోపలి వైపు నల్ల రంగు రెండు పూతలు వేయండి. స్ప్రే రంగు వాడితే గుట్ట కోసం పెట్టిన థర్మోకోల్‌కు దూరంగా వేయండి. అందులోని ద్రావణి థర్మోకోల్‌ను కరిగిస్తుంది. నా స్టేషను ప్లాట్‌ఫారం ఒక చివర అలాగే గుంటపడింది.

కొలువు_బొమ్మ (విజయనగరం):
మూడు నెలల తరువాత రాస్తున్నాను. ఇల్లు నిలబడింది. రెండు గోడలే కట్టాను, వెనుక చట్రాన్ని నాగావళి గారు చెప్పినట్లు కర్రకు కర్ర కట్టాను. చట్రం తేలికని అనుకున్నాను కానీ ముందుగోడ కంటే అదే ఎక్కువ రోజులు తీసుకుంది. పైకప్పు ముక్కలు వంద మిల్లీమీటర్లకు కోసిన వెంటనే మూలలు కలిశాయి. స్తంభాల కోసం ఏటికొప్పాక స్వయంగా వెళ్లాను. మొదటి రెండూ విరిగాయి, చెక్కిన పెద్దాయన మూడవదానికి కర్రను తిప్పే వేగం తగ్గించి, ఉలిని దాదాపు ఆనీ ఆననట్లు పట్టుకుని చేసి ఇచ్చారు. ఆ స్తంభాన్ని వసారాలో అందరికీ కనిపించే చోట పెట్టాను.

అన్నిటికంటే కష్టపెట్టినది గుట్ట. మొదట మెట్లను తిన్నగా, సమానంగా కోశాను. ఇల్లు ఏదో గెస్టుహౌసులా కనిపించింది. చిత్రాన్ని మళ్లీ చూస్తే అక్కడి మెట్లు నేలను అనుసరించి పోతున్నాయి. అన్నీ పీకివేసి, ఒక్కొక్క మెట్టునూ వేరుగా కోసి, కొన్నింటిని కొద్దిగా ఒక పక్కకు వాల్చాను. గడ్డికి రంపపు పొట్టును నల్ల సిరాలో నానబెట్టి చల్లాను. హాపర్ బొమ్మ చూసిన తరువాత, చేసి ఉంచుకున్న రెండు చెట్లను తీసివేశాను.

మేడ మీది కిటికీలో నల్ల కాగితంతో కత్తిరించిన ఒక రూపం ఉంది. దాని గురించి ఇక్కడ ఇంతకంటే రాయను. నిన్న రాత్రి గదిలో దీపాలన్నీ ఆర్పి ఆ ఒక్క దీపం వెలిగించాను. మా నాయనమ్మ ఈ చిత్రం చూడలేదు, కథ ఆమెకు తెలియదు. బల్ల ముందు కూర్చుని కాసేపు చూసి, ‘ఆ గదిలో ఎవరున్నారే?’ అని అడిగింది. నేను చెప్పలేదు. చట్రం వైపు తిప్పి చూపించాను. ‘ఓహో, వెనకాల ఏమీ లేదా’ అంది. మళ్లీ ముందుకు తిప్పితే, చీర కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది.

మేస్త్రి_లెక్క (రాజాం):
చాలా సంతోషం అమ్మా. ఒక్క ప్రశ్న. బ్యాటరీ అయిపోయినప్పుడు, ఎల్.ఇ.డి. మాడిపోయినప్పుడు చేయి లోపలికి ఎలా వెళుతుంది? బురుజు కప్పును అతికించివేశారా?

కొలువు_బొమ్మ (విజయనగరం):
అతికించలేదు మేస్త్రిగారూ. వెనుక గోడ లేదు కనుక దీపానికి చేయి నేరుగా అందుతుంది. బ్యాటరీని గుట్ట కింద అరలో పెట్టాను.